గడప దగ్గర ఐదు నిమిషాలు

పెళ్లికి ఇరవై రెండు రోజుల ముందు

పొద్దున్నే కావలి పళ్లు తోమడం మా ఇంట్లో నా పని. కాస్త చింతపండు, గుప్పెడు ఇసుక, ఒక పాత బ్రష్షు ఉంటే చాలు. ఈరోజు కింది దవడ సందులో మనిషి చెవి దొరికింది, రాగి పోగుతో సహా. తెల్లవారుతుండగా ఒక దోపిడీ పడవ వచ్చి మా వైపు సముద్రపు కట్టకి ఆనింది. ముగ్గురు కట్ట ఎక్కారు. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి దిగలేదు. చెవిని కాగితంలో చుట్టి సముద్రంలోకి విసిరేశాను. పోగు మాత్రం అమ్మ దాచమంది, రాగితో ఎప్పుడైనా పనుంటుందట.

"ఆ చేతుల్తోనే పెళ్లి చీరలు ముట్టుకుంటావేంటే? ముందు కడుక్కుని రా" అని లోపల్నుంచి అరిచింది.

"చీరలు కాదమ్మా, నాకు మూడో అధ్యాయం ఉంది."

"ఏ అధ్యాయమైనా సరే, జాకెట్ల కొలతలిచ్చాకే."

ఈ పుస్తకం నా పరిశోధన దినచర్య. రోజూ రాయకపోతే గైడుగారు సంతకం పెట్టరు. కట్ట విద్యాపీఠంలో నాది మూడో ఏడు. నా అంశం కావలి యంత్రాల జ్ఞాపకంలో దొర్లే పొరపాట్లు. కట్ట మీద ప్రతి ఇంటికీ ఒక కావలి ఉంటుంది. దూడంత ఇనుప జంతువు, ముందు కాళ్లకు జానెడు గోళ్లు. ఇంటిపేరువాళ్ల గొంతులు దానికి తెలుసు. చుట్టాలు వచ్చి గడప దగ్గర పేరు చెబితే మూడు రోజులు ఊరుకుంటుంది. పేరు లేనివాళ్లను వదలదు. అందుకే ఈ కట్ట మీద మనుషులు ఇంకా మిగిలున్నారు. ఆ సంగతి నేనెప్పుడూ కాదనలేదు.

పెళ్లికి ఇరవై రోజుల ముందు

గైడు రుక్మాంగదం మాస్టారు నా శుభలేఖను రెండు వేళ్లతో పట్టుకుని, పరీక్షలో తప్పిన కాగితాన్ని చూసినట్టు చూశారు.

"శుభం. మరి థీసిస్ ఏ పేరుతో ఇస్తావమ్మా?"

"నా పేరుతోనేనండీ."

"ఏ ఇంటిపేరు అని అడుగుతున్నాను. అనుమతి వేమగిరి కుందనకి ఇచ్చాం. తాళి కట్టగానే ఆ పేరు కొట్టేస్తారు. పేరుతోపాటు అనుమతీ పోతుంది. నువ్వు మూడేళ్లుగా తెచ్చిన కావళ్ల మెమరీ బిళ్లలకి సీలు పడుతుంది. కొత్త పేరుతో మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి."

"పేరు మార్చుకోకపోతే?"

"మీ ఆయనింట్లో బతికినంతకాలం చుట్టానివి. మూడు రోజులకోసారి గడప దగ్గరికొచ్చి పేరు చెప్పుకోవాలి. ఒక్కసారి మర్చిపోయావనుకో..."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఈరోజు తెలిసింది. ముహూర్తానికి ముందే మౌఖిక పరీక్ష పెట్టించమని పట్టుబట్టాను. చివరికి దొరికిన తేదీ పెళ్లి రోజే. పొద్దున ఏడింటికి పరీక్ష, పదీ నలభైకి ముహూర్తం. ఇంటికొచ్చి చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది. మంగళస్నానం ఐదింటికి జరపడానికి మాత్రం ఒప్పుకుంది.

పెళ్లికి పద్నాలుగు రోజుల ముందు

అక్క అత్తవారింటి కావలి బిళ్ల దొరికింది. మూడేళ్లు తిరిగాను వాళ్ల చుట్టూ. నాకు కూడా పెళ్లవుతోందని తెలిశాక ఇచ్చేశారు, పాపభీతి కాబోలు.

మా అక్క విశాల నాలుగేళ్ల కిందట పెళ్లినాడే చనిపోయింది. మధ్యాహ్నం, ఎండలో, అత్తవారి గడప ముందు, సన్నాయి మోగుతుండగా. కొత్త జంటను ఆపి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వమని ఆడపడుచులు ఆడే ఆట ఉంది కదా, ఆ ఆట మధ్యలో కావలి దూకింది. ఎడమ భుజం నుంచి నడుము దాకా ఒకే గీత. ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకున్న ముత్తైదువ దాన్ని దించకుండా అలాగే నిలబడిపోయింది. తోడుపెళ్లికూతురిగా నేను అక్క పక్కనే ఉన్నాను. దాని పేగులు చేతులతో లోపలికి తోయబోయాను. అవి నా మాట వినలేదు. ఊళ్లో వాళ్లంతా కోడలి కాలు మంచిది కాదన్నారు.

తర్వాత మరణాల పుస్తకం చూద్దును గదా, అక్క అందులో లేదు. మా వేమగిరివారి వరుసలో "కొట్టివేయబడింది" అని ఉంది. అత్తవారి వరుసలో ఎక్కనే లేదు. పాత పేరు పోయి కొత్త పేరు గడప దగ్గర చెప్పేలోపు చచ్చిపోయినవాళ్లు ఏ ఇంటి లెక్కలోకీ రారు. అప్పుడే ఈ పరిశోధన మొదలుపెట్టాను. ఇప్పటికి ముప్ఫై ఒక్కమంది దొరికారు. ముప్ఫై ఒక్కమంది పెళ్లికూతుళ్లు, అందరూ ఈ నాలుగేళ్లలోనే.

అక్క బిళ్లలో ఇలా ఉంది: "పేరు లేని వ్యక్తి, స్త్రీ, ఒకరు. నిలిచిన సమయం ఐదు నిమిషాలు. హెచ్చరిక కూతలు మూడు. పేరు చెప్పే ప్రయత్నం ఒకటి, మధ్యలో అడ్డగించబడింది. చర్య పూర్తి."

అంతవరకు చదివి లేచాను. చేతులు కడుక్కున్నాను. కుడి చెయ్యి మళ్లీ మళ్లీ కడిగాను.

ఐదు నిమిషాలు! మా తాతల నాటినుంచీ గడప దగ్గర గడువు అరగంట.

పెళ్లికి పదకొండు రోజుల ముందు

కట్ట సంఘం కార్యాలయంలో అరిచి గోల చేసి నిజం రాబట్టాను. నాలుగేళ్ల కిందట పడవలవాళ్లు పెళ్లివారి వేషంలో వచ్చారు. ఒకామెకు ముసుగేసి, బాసికం కట్టి, ఒక ఇంటి గడప ముందు ఇరవై ఐదు నిమిషాలు నవ్వుతూ తుళ్లుతూ నిలబడ్డారు. కావలి గడువు ముగియడం కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఈలోగా మిగతావాళ్లు పెరటి గోడ దూకి లోపలున్న పదకొండు మందినీ కోసేశారు. మర్నాటినుంచే సంఘం కట్ట మీది కావళ్లన్నిటికీ గడువు ఐదు నిమిషాలకు కుదించింది. పుస్తకాల్లో "మరమ్మతు" అని రాసింది. ఇళ్లవాళ్లకు చెప్పలేదు. చెబితే పడవలవాళ్లకు తెలిసిపోతుందట.

"మరి ఆడపడుచుల ఆట ఎంతసేపు సాగుతుందో తెలుసా మీకు?" అని అడిగాను.

గుమాస్తా నవ్వాడు. "మా ఇంట్లో ఇరవై నిమిషాలు సాగిందమ్మా. మా చెల్లెలు మామూలుది కాదు." నవ్వు సగంలోనే ఆపేశాడు. అతని పెళ్లి ఆరేళ్ల కిందటిది. పాపం, ఆ లెక్క అతనికి అప్పుడే తట్టినట్టుంది.

పెళ్లికి తొమ్మిది రోజుల ముందు

నేను చేసుకోబోయే జయంత్‌కి అంతా చెప్పాను. అతను కట్ట పగుళ్లు పూడ్చే పనిచేస్తాడు. సిమెంటు అంటిన గోళ్లతోనే నా చెయ్యి పట్టుకుని విన్నాడు. ఈ మనిషిని నేను ఎంచుకున్నది ఇందుకే, మాట మధ్యలో అడ్డు రాడు.

"నేను గడప దాటే ఆ గంటసేపు మీ కావలిని పడుకోబెట్టమను" అన్నాను.

"అమ్మ ఒప్పుకోదు. పెళ్లినాడు కావలిని పడుకోబెడితే పడవలు రావడానికి ఇంతకన్నా మంచి రోజుండదు."

అందులో అబద్ధం లేదు. వాళ్ల పెద్దక్క మందాకినికి చెప్పి ఆట మాన్పిద్దామని ఇద్దరం వెళ్లాం. ఆవిడ పెళ్లయి వేరే ఇంటికి వెళ్లినా పుట్టింట, అంటే పాలపర్తివారింట్లో, ఇప్పటికీ ఆవిడ మాటే చెల్లుతుంది. నేను బిళ్లలు, అంకెలు అన్నీ ముందు పరిచాను. ఆవిడ వాటివంక చూడనైనా చూడలేదు.

"పుస్తకాల పిల్లలతో ఇదేనమ్మా. ఆడపడుచు ఆటకే భయపడేదానివి కాపరం ఏం చేస్తావ్?"

"భయం కాదు వదినా, లెక్క. ముప్ఫై ఒక్కమంది..."

"ఎవరా ముప్ఫై ఒక్కమంది? ఏ పుస్తకంలో ఉన్నారు? ఆట మనుషుల్ని చంపుద్దా ఎక్కడైనా?" గొంతు ఒక్కసారిగా పెరిగింది. "మా ఇంట్లో ఆడతాం. ఎప్పుడూ ఆడాం. ఏం కాదు."

అంత కోపం దేనికో నాకు అర్థం కాలేదు. తిరిగి వస్తుంటే జయంత్ అన్నాడు, "నువ్వు గడప ఎక్కగానే పేరు చెప్పెయ్. సన్నాయి నేను ఆపిస్తాను." అది చాలనుకున్నాను.

పెళ్లి రోజు, పొద్దున తొమ్మిదింటికి

పసుపు మొహంతో, పాదాల పారాణి చెప్పులకు అంటుతుండగా పరీక్షకు వెళ్లాను. పరీక్షకులు ముగ్గురు. సంఘం తరఫున వచ్చినాయన నా పట్టికను తిప్పి చూసి మరణాల పుస్తకం తెప్పించాడు.

"ఇందులో ఒక్కరూ లేరు కదమ్మా."

"లేరనే కదండీ నా థీసిస్!"

"పేరు లేని మనిషిని వరుసలో ఎలా ఎక్కిస్తాం? యంత్రం ఎవరో స్త్రీ అంటోంది. ఆ స్త్రీ ఫలానా అని నీకెవరు చెప్పారు? సాక్షి ఉన్నారా? యంత్రం కాదు, మనిషి."

నా పక్కనున్న రుక్మాంగదం మాస్టారు బల్ల గీతలు లెక్కపెడుతున్నారు. "ఆ స్త్రీలలో ఒకరు మా అక్క. ఆవిడ రక్తం నా మీద పడింది" అన్నాను. "అంటే సాక్షివి నువ్వేనా? ఏం చూశావో వాంగ్మూలం రాసిస్తావా?" అన్నాడాయన. నాకు నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో ఇప్పుడు రాయను.

సవరించి మళ్లీ సమర్పించమన్నారు. ఏ బిళ్లలతో సవరించను? ఇంకో గంటా నలభై నిమిషాల్లో అన్నిటికీ సీలు పడుతుంది. అమ్మ గుమ్మంలోంచి పిలుస్తోంది.

పెళ్లయిన మూడో రోజు

ఎడమ చేత్తో రాస్తున్నాను. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, నాకు భుజం పోయింది.

తాళి పడింది. రిజిస్ట్రారు మండపంలోనే నా పాత పేరు కొట్టేశాడు. మేళంతో కట్ట మీద నడుచుకుంటూ పాలపర్తివారి గడపకు చేరాం. జయంత్ మాట ప్రకారం సన్నాయి ఆపించాడు. ఎర్రనీళ్లు దిష్టి తీశారు. ముందడుగు వేసి నోరు తెరిచాను.

"నేను, పాల..."

మందాకిని వదిన అరచెయ్యి నా నోటి మీద పడింది. అందరూ గొల్లుమన్నారు. "అంత తొందరేంటి మరదలా! ముందు మావాడు చెప్పాలి. నీకు పుట్టే పిల్లని మా అబ్బాయికిస్తానంటేనే దారి!"

జయంత్ ముందుకు దూకాడు. ఆటలో పెళ్లికొడుకు జోక్యం కుదరదంటూ వాళ్ల బావలు నలుగురు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతను నిజంగానే పెనుగులాడుతున్నాడని ఎవరికీ అర్థం కాలేదు. ఎంత తన్నుకుంటే అంత నవ్వు. ఒకాయన ముక్కు పగిలి రక్తం కారుతున్నా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి కూత వినిపించింది. వదిన కళ్లు ఒక్క క్షణం కావలి వైపు వెళ్లి నా మీదికి తిరిగొచ్చాయి. ఆవిడ విన్నది. విన్నాక చెయ్యి ఇంకా గట్టిగా అదిమింది. నేను తల విదిలించాను, గాజులు పగిలేలా ఆవిడ మణికట్టు మీద కొట్టాను. రెండో కూత. గాజుముక్క దిగి నా చేతినుంచి రక్తం పట్టుచీర మీద పడుతోంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మూడో కూత.

కొరికాను. ఆవిడ చిటికెన వేలు కింద కండలో నా పళ్లు దిగాయి, ఎముక తగిలాక కూడా ఆపలేదు. ఆవిడ కేక, కావలి దూకడం ఒకేసారి జరిగాయి. వెల్లకిలా పడ్డాను. దాని గోరు నా కుడి భుజంలో దిగి గచ్చుకు తగిలిన చప్పుడు విన్నాను. తెరిచిన దవడ నా మొహం మీద ఉంది. చింతపండు వాసన. ఈ ఇంట్లో కూడా పొద్దున్నే ఎవరో దాని పళ్లు తోమారు.

నోట్లో ఉన్న వదిన చర్మాన్ని ఉమ్మేసి, "పాలపర్తి కుందన! పాలపర్తి కుందన!" అని గొంతు చిరిగేలా అరిచాను.

ఆగింది. గోరు వెనక్కి లాక్కుంది. లాగేటప్పుడు ఇంకోసారి చీరింది. తర్వాత, ఇంట్లోవాళ్లకు చేసినట్టే, తల కిందికి దించి పక్కకు తప్పుకుంది.

కట్ట పొడవునా పాకిన కబురు మాత్రం ఇది: వేమగిరివాళ్ల పిల్ల గడపలోనే ఆడపడుచుని పిచ్చికుక్కలా కరిచింది. కావలికి రక్తం వాసన తగిలి రేగిందట. అంటే నా భుజానికి కూడా నా పళ్లదే తప్పు.

పెళ్లయిన ఏడో రోజు

కొత్తకోడలు మొదటిరోజే కావలి పళ్లు తోమాలి. గాయం వల్ల నా వంతు ఏడో రోజు వచ్చింది. దాని గోరు సందున ఎండిన నా మాంసాన్ని నేనే బ్రష్షుతో తోమి తీశాను. కోపం వచ్చింది.

ఇప్పుడు ఈ ఇంటిపేరు నాది కాబట్టి ఈ ఇంటి బిళ్ల నాకు తెరుచుకుంటుంది. నా వరుస చూసుకున్నాను: ప్రయత్నాలు రెండు, మొదటిది అడ్డగించబడింది, రెండోది నమోదైంది. వెనక్కి తిప్పాను. రెండేళ్ల కిందట, ఇదే గడప: "పేరు లేని వ్యక్తి, స్త్రీ, ఒకరు. పేరు చెప్పే ప్రయత్నాలు రెండు, రెండూ మధ్యలో అడ్డగించబడ్డాయి. చర్య పూర్తి."

జయంత్ అన్నగారికి రెండేళ్ల కిందట పెళ్లయింది. పెళ్లికూతుర్ని దారిలో పడవలవాళ్లు ఎత్తుకుపోయారని, ఆ బెంగతో అతను ఇల్లు వదిలి వెళ్లాడని నాకు చెప్పారు.

జయంత్‌ని పిలిచి చూపించాను. మొహం పాలిపోయింది. "నేనప్పుడు దక్షిణం కట్ట మీద పనిలో ఉన్నాను. వచ్చేసరికి అలా చెప్పారు."

"నమ్మావా?"

"నమ్మితేనే ఇంట్లో అన్నం తినగలిగేవాణ్ని. అందుకని అడగలేదు."

చేతిలో ఉన్న బ్రష్షు విసిరాను. కనుబొమ చిట్లింది. తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. మంచివాడే, కానీ అడగనివాడు. వాడి మీద ప్రేమ పోలేదు, అదే నాకు ఒళ్లు మండించింది.

పెళ్లయిన పదహారో రోజు

ఈరోజు పండుగకు మందాకిని వదిన వచ్చింది. తను పుట్టిన ఇంటి గడప ముందే ఆగి, చుట్టాల్లాగా అత్తింటి పేరుతో "దొడ్డిపట్ల మందాకిని" అని కావలికి చెప్పుకుని లోపలికి వచ్చింది. చేతికి కట్టు ఉంది. చిటికెన వేలు ఇక వంగదట. నా గదిలోకొచ్చి తలుపేసి, నేలమీద కూచుంది.

"రెండేళ్ల కిందటి ఆ పిల్ల పేరు సౌదామిని. ముక్కామలవాళ్ల పిల్ల. రాసుకో."

నేను కలం తీశాను.

"రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ నేనే మూశాను. కూత వినబడింది. మేళగాళ్లదేమో అనుకున్నా. ఇదిగో ఈ చెయ్యి దాని నోటిమీద ఉండగానే..." వదిన కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కుంది. "తర్వాత నువ్వొచ్చి ఆటే చంపుద్దన్నావ్. ఔనంటే చంపింది నేనని ఒప్పుకోవాలి గదా? అందుకే మళ్లీ ఆడాను. ఏం జరగదని నాకు నేను చూపించుకుందామని."

"నా ప్రాణం పణంగా పెట్టా?"

"ఆ. నీ ప్రాణం పెట్టే."

దాచకుండా చెప్పింది. ఆ మాటకు చెంప పగలగొట్టాలనిపించి చెయ్యెత్తాను. వదిన తప్పుకోలేదు, మొహం ఇంకాస్త ముందుకు పెట్టింది. ఎత్తిన చెయ్యి నా కుడిచెయ్యి. భుజం భగ్గుమంది. దించేశాను.

సీలు పడిన బిళ్లలు ఎలాగూ రావు. ఇక మనుషుల్నే అడుగుతాను. ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు అడ్డు నిలబడ్డారు. వాళ్లు బతికే ఉన్నారు, వాళ్లకు పేర్లూ ఉన్నాయి. పరీక్షకుడు అడిగిన సాక్షులు వాళ్లే. పట్టికకు కొత్త గడి కలిపాను: అడ్డు నిలిచినవారు. ముప్ఫై రెండో వరుసలో వదిన ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టింది. మిగతా ఇళ్లకు తనూ వస్తానంది. "నన్ను చూస్తే చెప్తారు. నిన్ను చూస్తే తలుపేసుకుంటారు" అంది. నిజమే.

తర్వాత కాగితం పైకి జరిపి, మొదటి వరుస మీద వేలు పెట్టింది.

"ఇది మీ అక్కే గదా? ఇక్కడ ఖాళీగా ఉందేం? వాళ్ల ఆడపడుచు ఒప్పుకోలేదా?"

"వాళ్ల ఆడపడుచు చిన్నపిల్ల. అప్పటికే సిగ్గుపడి పక్కకు తప్పుకుంది" అన్నాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. నాలుగేళ్లుగా అక్కడే ఆపుతున్నాను. కానీ ఎదురుగా ఆ కట్టు ఉన్న చెయ్యి ఉంది.

"అక్క చెప్పబోయింది వదినా. నేనే ఆపాను. అప్పుడే చెప్పకే అక్కా, ముందు బావని చెప్పమను అని దాని నోరు మూశాను. కూత విని, భలే సన్నాయి అనుకుని నవ్వాను. దాని పెదాల రంగు నా అరచేతికి అంటుకుంది. మిగతా రక్తమంతా కడిగాక కూడా అది సాయంత్రం దాకా పోలేదు."

వదిన కలం తీసి నా చేతికిచ్చింది.

మొదటి వరుస, వేమగిరి విశాల. అడ్డు నిలిచినవారు అన్న గడిలో వేమగిరి కుందన అని రాశాను. ఆ రోజు నా ఇంటిపేరు అదే.